పర్యావరణ ల్యాబ్ ప్రాజెక్టులు: ఒంటరిగా బుద్ధిగా ఉన్న పీహెచ్ ప్రోబ్ జతలో ఎందుకు తప్పుతోంది?

ల్యాబ్‌బాధితుడు, సోమవారం రాత్రి

అందరికీ నమస్కారం. నేను ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ రీసెర్చ్ స్కాలర్‌ని. ఈ సెమిస్టర్ పీజీ పిల్లల ప్రాజెక్టులన్నీ మా గైడ్ నా నెత్తిన పెట్టారు. మూడు గ్రూపులు. ఒకరు గాలిలో ధూళి కొలిచే డబ్బా చేస్తున్నారు, ఇంకొకరు చెరువులో వదిలే నీటి లాగర్ (కొలతలు తానే రాసుకునే డబ్బా), మూడో గ్రూపు మొక్కలు పెంచే ఛాంబర్‌లో కార్బన్ డయాక్సైడ్ కొలత. అన్నీ ఈఎస్‌పీ32 బోర్డుల (వైఫై ఉన్న చిన్న కంప్యూటర్ చిప్పులు) మీదే. నాకు కెమిస్ట్రీ వచ్చు, కోడ్ కిందా మీదా పడి రాస్తాను, ఎలక్ట్రానిక్స్ మాత్రం అంతంతే.

ముందు నీటి గ్రూపు గోల వినండి. పీహెచ్ ప్రోబ్‌ని 7.00 బఫర్‌లో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణం) పెడితే 7.02 చూపిస్తోంది. బకెట్ నీళ్లలో ఒక్కదాన్నే ముంచితే 7.4 దగ్గర కదలకుండా ఉంటుంది. పక్కన ఈసీ ప్రోబ్ (నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందో కొలిచేది) ముంచామా, ఇక పూనకమే. 6.1, 8.3, 5.9... ఈసీ ప్రోబ్ బయటికి తీస్తే మళ్లీ 7.4. ప్రోబ్ మార్చాం, కేబుల్ మార్చాం, కోడ్ లైబ్రరీ మార్చాం. నాలుగు రోజులుగా ఇదే పని.

దీనికి తోడు టెంపరేచర్ సెన్సర్ డీఎస్18బీ20 అప్పుడప్పుడు 85 డిగ్రీలు చూపిస్తోంది. మొదటిసారి చూసినప్పుడు ఒకమ్మాయి నిజంగానే బకెట్‌లో వేలు పెట్టి చూసింది.

టంకం, సోమవారం రాత్రి

85 సంగతి తేలిక కాబట్టి ముందు అది. ఆ సెన్సర్‌కి కరెంటు అందగానే దాని మెమరీలో ఉండే మొదటి అంకె 85. కొలత పూర్తయ్యాక అసలు అంకె వచ్చి దాని చోట కూర్చుంటుంది. 12 బిట్ల మీద కొలవడానికి 750 మిల్లీసెకన్లు పడుతుంది. అంతకంటే ముందే అడిగితే పాత 85 చేతిలో పెడుతుంది. లేదా మధ్యలో వోల్టేజీ ఒక్క క్షణం పడిపోయి సెన్సర్ మళ్లీ మొదలైనా 85 వస్తుంది. మైనస్ 127 వస్తే అది వేరే జబ్బు, వైరు ఊడిందని అర్థం. డేటా లైనుకి 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉందో లేదో చూడండి.

ఒక మాట బ్రదర్. కోడ్‌లో "85 వస్తే వదిలెయ్" అని ఒక లైను రాసి చేతులు దులుపుకోవద్దు. ఎప్పుడు, ఎన్నిసార్లు వస్తోందో రాసి పెట్టండి.

ఇక పీహెచ్. రెండు బోర్డులూ ఒకే సప్లయ్ మీద, ఒకే గ్రౌండ్ మీద ఉన్నాయా?

ల్యాబ్‌బాధితుడు, సోమవారం రాత్రి

అవునండీ. ఒకే బ్రెడ్‌బోర్డు, ఒకే 5 వోల్టులు, అన్ని గ్రౌండ్‌లూ ఒకచోటికే.

టంకం, సోమవారం రాత్రి

అయితే దొంగ దొరికినట్టే, కానీ నేను చెప్పేస్తే పిల్లలకి మజా ఉండదు. రేపు వాళ్లతో మూడు పనులు చేయించండి. ఒకటి, రెండు ప్రోబ్‌లూ వేరువేరు బీకర్లలో పెట్టి చూడండి. రెండు, ఒకే బకెట్‌లో పెట్టి ఈసీ బోర్డు 5 వోల్టుల వైరు మాత్రం పీకండి. మూడు, ఈసీ బోర్డు గ్రౌండ్ వైరు, సిగ్నల్ వైరు కూడా పీకండి, ప్రోబ్ మాత్రం నీళ్లలోనే ఉండాలి. ప్రతిసారీ పది నిమిషాల రీడింగులు కావాలి. స్క్రీన్ చూసి "బాగానే ఉంది సార్" అంటే ఒప్పుకోవద్దు.

గాజుగొట్టం, మంగళవారం

కరెంటు గొడవలోకి నేను దిగను. ఆ ప్రోబ్‌ని రాత్రిపూట దేనిలో ఉంచుతున్నారు?

ల్యాబ్‌బాధితుడు, మంగళవారం

డిస్టిల్డ్ వాటర్‌లో మేడమ్. శుభ్రంగా ఉంటుందని.

గాజుగొట్టం, మంగళవారం

అనుకున్నాను. ప్రతి బ్యాచ్ చేసే తప్పే ఇది. డిస్టిల్డ్ వాటర్‌లో ఉంచితే ప్రోబ్ లోపలి ఉప్పు మెల్లగా బయటికి లాగేసుకుంటుంది, రీడింగు నిలబడటానికి రోజురోజుకీ ఎక్కువ సమయం తీసుకుంటుంది. 3 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో ఉంచండి. కడిగాక టిష్యూతో రుద్దొద్దు, అద్దండి చాలు. రుద్దితే గాజు మీద ఛార్జి చేరి కాసేపు తిక్కతిక్కగా చూపిస్తుంది.

ప్రోబ్ ఆరోగ్యం తెలియాలంటే పీహెచ్ అంకె చూడకండి, మిల్లీవోల్టులు చూడండి. 25 డిగ్రీల దగ్గర ఒక్కో పీహెచ్ మెట్టుకి 59.16 మిల్లీవోల్టులు రావాలి. 7 బఫర్ నుంచి 4 బఫర్‌కి వెళ్తే దాదాపు 177 తేడా ఉండాలి. అది 160 కిందికి దిగిందంటే ప్రోబ్ ముసలిదైపోతున్నట్టు. మీ చవక బోర్డులు ఆ సిగ్నల్‌ని పెద్దది చేసి పంపుతాయి, కాబట్టి ఎన్ని రెట్లు పెంచుతోందో ముందు తెలుసుకుని లెక్క కట్టండి. పిల్లలు దీన్ని ప్రతి వారం ఒక కాగితం మీద రాసి ప్రోబ్ పక్కనే అంటించాలి. మా ల్యాబ్‌లో ఆ కాగితం లేని ప్రోబ్‌ని ఎవరూ ముట్టరు.

ఇంకొకటి. ఒకే చిన్న బీకర్‌లో ముందు పీహెచ్ చూసి తర్వాత ఈసీ చూస్తారు కొందరు. పీహెచ్ ప్రోబ్ నుంచి పొటాషియం క్లోరైడ్ కొంచెం కొంచెం కారుతూనే ఉంటుంది. మీ ఈసీ స్టాండర్డ్ 1413 మైక్రోసీమెన్స్ ద్రావణం కూడా 0.01 మోలార్ పొటాషియం క్లోరైడే కదా. అంటే ఆ కారిన ఉప్పునే మీరు కొలుస్తారు. ఈసీ ముందు, పీహెచ్ తర్వాత. వీలైతే వేరే బీకరు.

మొదటిబెంచీ, మంగళవారం

నేను వేరే యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. మా గ్రూపు వైఫై ఆన్ చేయగానే టర్బిడిటీ (నీటి మసక) సెన్సర్ చచ్చిపోయేది. వారం తర్వాత తెలిసింది, మేం కలిపింది 26వ పిన్నుకి. ఈఎస్‌పీ32లో రెండు ఏడీసీలు (వోల్టేజీని అంకెగా మార్చే భాగాలు) ఉంటాయి, వైఫై నడుస్తుంటే రెండోదాన్ని వాడుకోలేం. 32 నుంచి 39 వరకు ఉన్న పిన్నులకి మారిస్తే పనిచేసింది. కొండను తవ్వి ఎలుకను పట్టాం.

టంకం, మంగళవారం

ఎలుకే అయినా మంచి ఎలుక. ఆ లోపలి ఏడీసీ పైన కింద చివర్లలో వంకరగా కూడా ఉంటుంది. కొలత పనికి ఏడీఎస్1115 అనే బయటి ఏడీసీ చిప్పు పెట్టుకోండి, 16 బిట్లు, గోల తక్కువ.

ల్యాబ్‌బాధితుడు, బుధవారం రాత్రి

టంకం గారూ, మీరు చెప్పిన మూడూ చేశారు.

వేరువేరు బీకర్లలో రెండూ బుద్ధిగా ఉన్నాయి. ఒకే బకెట్‌లో ఈసీ బోర్డు 5 వోల్టులు పీకితే గెంతులు ఆగాయి, కానీ పీహెచ్ 7.4 దగ్గరికి రాలేదు, 6.8 దగ్గర కూర్చుంది. అన్ని వైర్లూ పీకేశాక 7.4. ప్రోబ్ నీళ్లలోనే ఉంది. ఆ రెండో ఫలితం చూసి పిల్లల్లో గంటసేపు వాదన. కరెంటే లేని బోర్డు పీహెచ్‌ని ఎలా మారుస్తుందని.

టంకం, బుధవారం రాత్రి

ఆ 6.8 కోసమే రెండో పని చేయించాను.

పీహెచ్ ప్రోబ్ మైనస్ వోల్టేజీ కూడా ఇస్తుంది, ప్లస్ కూడా ఇస్తుంది. మీ బోర్డు మైనస్ చదవలేదు కాబట్టి ప్రోబ్‌లోని రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌ని (దేంతో పోల్చి కొలుస్తుందో ఆ కొన) గ్రౌండ్ కంటే పైన, మధ్య వోల్టేజీ దగ్గర నిలబెడుతుంది. ఆ రిఫరెన్స్ నీళ్లని తాకుతోంది. ఈసీ ప్రోబ్ నీళ్లలో ఉంది, దాని ఒక చివర మీ గ్రౌండ్‌కి కలిసి ఉంది. అంటే రిఫరెన్స్ నుంచి నీళ్ల గుండా గ్రౌండ్‌కి ఒక దారి పడింది. ఆ దారిలో సన్నగా కరెంటు పారుతుంది. గాజు ఎలక్ట్రోడ్ మెగాఓమ్‌ల లెక్కలో నిరోధం ఉన్న వస్తువు, కొన్ని మిల్లీవోల్టుల తేడానే దాని మాట. ఆ పలచటి కరెంటుకే రిఫరెన్స్ జరిగిపోయింది. అందుకే నిలకడగా, కానీ తప్పుగా 6.8. ఇక బోర్డుకి కరెంటు ఇస్తే ఈసీ ప్రోబ్ నీళ్లలోకి అటూ ఇటూ మారే కరెంటు పంపుతుంది. అప్పుడే గెంతులు.

చికిత్స రెండు రకాలు. ఒకటి, పీహెచ్ బోర్డుకి సప్లయ్, సిగ్నల్ రెండూ ఐసొలేట్ చేయడం, అంటే మిగతా సర్క్యూట్‌తో కరెంటు దారి లేకుండా విడదీయడం. ఐసొలేటెడ్ డీసీ కన్వర్టర్ ఒకటి, డేటా లైన్లకి ఐ2సీ ఐసొలేటర్ ఒకటి కావాలి. రెండు, వంతులవారీగా చదవడం. పీహెచ్ చదివేటప్పుడు ఈసీ ప్రోబ్‌ని పూర్తిగా విడదీయాలి. మాస్‌ఫెట్‌తో (ఎలక్ట్రానిక్ స్విచ్) ప్లస్ ఒక్కటే కట్ చేస్తే మీ రెండో ప్రయోగమే మళ్లీ. ప్రోబ్ రెండు వైర్లనీ ఒకేసారి తెంపే రిలే పెట్టండి.

గాలివాటం, గురువారం

నీటి వాళ్ల గోల తీరినట్టుంది, గాలి గ్రూపు సంగతేంటి? సెన్సర్ పీఎమ్‌ఎస్5003 అయితే నాకు ఒక జోస్యం ఉంది. తెల్లవారుజామున అంకెలు ఆకాశానికి ఎగబాకుతున్నాయి, ఎండ రాగానే దిగిపోతున్నాయి. నిజమా?

ల్యాబ్‌బాధితుడు, గురువారం

మీరేమైనా మా టెర్రస్ మీద కూర్చున్నారా? పీఎం2.5 (2.5 మైక్రాన్లకంటే సన్నటి ధూళి, ఘనమీటరు గాలిలో మైక్రోగ్రాములు) మధ్యాహ్నం 40 ఉంటే తెల్లవారు 5 గంటలకి 120. పిల్లలు "ఉదయపు వాయు కాలుష్యం" అని స్లైడు కూడా తయారు చేసేశారు.

గాలివాటం, గురువారం

స్లైడు కాసేపు ఆపమనండి.

ఆ సెన్సర్ ధూళిని తూచదు. ఫ్యాన్‌తో గాలి లాగి, లేజర్ వెలుగు ధూళి మీద పడి ఎంత చెదిరిందో చూసి బరువు ఊహిస్తుంది. గాలిలో తేమ పెరిగితే ఉప్పు స్వభావమున్న రేణువులు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతాయి. ఉబ్బిన రేణువు ఎక్కువ వెలుగు చెదరగొడుతుంది. పొగమంచైతే నీటి బిందువులనే ధూళి అనుకుంటుంది. బీటా కిరణాలతో ధూళిని కొలిచే ప్రామాణిక మానిటర్లలో గాలి లోపలికి వచ్చే గొట్టాన్ని వేడి చేసి తేమ తగ్గిస్తారు. మీ డబ్బాలో ఆ వేడి లేదు.

అలాగని ఉదయం కాలుష్యం అబద్ధమని కాదు. తెల్లవారుజామున గాలి కదలక పొగ నేల దగ్గరే నిలుస్తుంది, అది నిజమే. మీ 120లో అది ఎంత, తేమ ఎంత అన్నది విడదీయాలి. డబ్బాలో తేమ సెన్సర్ ఉందా?

ల్యాబ్‌బాధితుడు, గురువారం

బీఎంఈ280 ఉంది. 5 గంటలకి తేమ 91 శాతం. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ వాళ్ల సవరణ సూత్రం ఒకటి దొరికింది, సెన్సర్ అంకెని 0.524తో గుణించి, తేమని 0.0862తో గుణించి తీసేసి, 5.75 కలపడం. అది వేసేయమంటారా?

గాలివాటం, గురువారం

వేయొచ్చు, చూడొచ్చు, నమ్మకూడదు. ఆ గుణకాలు అమెరికాలో ఇదే రకం సెన్సర్ వాడే పర్పుల్‌ఎయిర్ మానిటర్లని ప్రామాణిక యంత్రాల పక్కన పెట్టి రాబట్టినవి. అక్కడి ధూళి రకానికి సరిపోయిన అంకెలు ఇంకోచోట ధూళికి సరిపోవాలని రూలేం లేదు. పైగా ఆ సూత్రం సీఎఫ్1 అనే వరుస మీద. మీ సెన్సర్ పంపే 32 బైట్లలో పీఎం అంకెలు రెండు సెట్లుగా వస్తాయి, సీఎఫ్1 ఒకటి, వాతావరణ సెట్టు ఇంకొకటి. మీ పిల్లలు ఏది తీసుకుంటున్నారో అడగండి. నాకు తెలిసి సగం మందికి రెండు ఉన్నాయనే తెలియదు.

అసలు బీఎంఈ280 డబ్బా లోపల ఎక్కడుంది? ఈఎస్‌పీ32 పక్కనైతే దాని వేడికి టెంపరేచర్ ఎక్కువ, తేమ తక్కువ చూపిస్తుంది. 91 అంటే బయట ఇంకా ఎక్కువే ఉండొచ్చు.

నిద్రరానిసర్వర్, గురువారం రాత్రి

ఇంత తల బద్దలు కొట్టుకోవడం దేనికి? టెంపరేచర్, తేమ, సెన్సర్ విలువలు ఇచ్చి రాండమ్ ఫారెస్ట్ అనే మెషీన్ లెర్నింగ్ మోడల్‌కి నేర్పించండి. అదే సర్దుకుంటుంది.

గాలివాటం, గురువారం రాత్రి

దేన్ని చూసి నేర్చుకుంటుంది? సరైన జవాబు ఏదో ఒకటి పక్కన ఉండాలి కదా. ప్రామాణిక మానిటర్ ఉంటే దాని పక్కన రెండు వారాలు పెట్టండి, అప్పుడు మామూలు సరళరేఖ సమీకరణం కూడా చాలా దూరం తీసుకెళ్తుంది. లేకపోతే ఫిల్టర్ పేపర్ తూచే పద్ధతి. పంపుతో తెలిసినంత గాలి లాగి, ఫిల్టర్‌ని ముందూ వెనకా ఒకే తేమలో ఉంచి మైక్రోబ్యాలెన్స్ మీద తూచడం. 24 గంటలకి ఒక్క అంకె వస్తుంది. కానీ ఆ ఒక్క అంకె తూచినది.

నిద్రరానిసర్వర్, గురువారం రాత్రి

సరే, ఒప్పుకుంటాను. నా కథ ఒకటి చెప్తాను, తిట్టొద్దు. ఎం.టెక్‌లో మా గ్రూపు "స్మార్ట్ కార్బన్ డయాక్సైడ్ మానిటర్" చేసింది. ఎంక్యూ135 సెన్సర్, పచ్చ పసుపు ఎరుపు రంగుల డయల్, ఫోన్‌కి అలర్టు. ప్రజెంటేషన్ రోజు ఎవరో చేతులకి శానిటైజర్ రాసుకున్నారు, డయల్ ఎరుపెక్కింది, జడ్జీలు చప్పట్లు కొట్టారు. అది స్పిరిట్ వాసనకి ఎగిరిందని నాకు అప్పుడే తెలుసు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఫుల్ మార్కులు.

గాజుగొట్టం, శుక్రవారం

అమోనియా, ఆల్కహాల్, పొగ, అన్నిటికీ తలాడించే సెన్సర్ అది. చెప్పినందుకు మెచ్చుకోవాలి.

ల్యాబ్‌బాధితుడు, శుక్రవారం

మా మూడో గ్రూపు ఎంక్యూ కాదు లెండి, ఎంహెచ్-జెడ్19బీ వాడుతున్నారు, ఇన్‌ఫ్రారెడ్‌ది. అయినా తేడా ఉంది. మొదటి రోజు ఛాంబర్‌లో కనిష్ఠం 620 పీపీఎం. రోజురోజుకీ దిగుతూ వారం తర్వాత 430. మొక్కలు పెరిగి ఎక్కువ పీలుస్తున్నాయని పిల్లల వాదన. వినడానికి బాగుంది, కానీ ఆ మొక్కలు అంత పెరగలేదు.

గాలివాటం, శుక్రవారం

పెరిగింది మొక్కలు కాదు, సెన్సర్ తెలివి. దానిలో ఆటోమేటిక్ బేస్‌లైన్ సవరణ ఆన్‌లో ఉండి వస్తుంది. 24 గంటల్లో కనిపించిన కనిష్ఠాన్ని బయటి గాలి అనుకుని 400 వైపు జరుపుకుంటుంది. రోజూ కిటికీలు తెరిచే గదికి సరే. తలుపు తెరవని ఛాంబర్‌కి మాత్రం అది మెల్లగా డేటాని తినేస్తుంది. దాన్ని ఆఫ్ చేసి, బయట గాలిలో 20 నిమిషాలకు పైగా ఉంచి బేస్‌లైన్ మీరే పెట్టండి. ఆ సెన్సర్ బయటి గాలిని 400 అనే లెక్కేస్తుంది, అసలు గాలి ఇప్పుడు 420 దాటింది. శాస్త్రవేత్త కీలింగ్ 1958లో హవాయిలోని మౌనా లోవా కొండ మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు 315 దగ్గర ఉండేది. ఆ 20 తేడా మీ నోట్‌బుక్‌లో రాసుకోండి.

చెరువుగట్టు, శనివారం

ఆలస్యంగా వచ్చాను, ఫీల్డ్‌లో ఉన్నాను. లాగర్‌ని చెరువులో వదిలే ముందు ఇవి చూసుకోండి.

డబ్బా సీలు చేయడానికి సిలికాన్ వాడతారు కదా. ఆరేటప్పుడు పుల్లటి ఘాటు వాసన వచ్చే రకం వద్దు. అది ఎసిటిక్ యాసిడ్ వదులుతుంది, మూసిన డబ్బాలో రాగి తీగలు పచ్చబడతాయి. న్యూట్రల్ రకం తీసుకోండి. కేబుళ్లు డబ్బా కింది నుంచి లోపలికి పోవాలి, పోయే ముందు ఒక వంపు కిందికి వేలాడాలి, అప్పుడు కేబుల్ మీద జారిన నీళ్లు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి. ఎంత బిగించినా పగటి వేడికి, రాత్రి చలికి డబ్బా ఊపిరి పీలుస్తుంది, లోపల నీళ్లు పడతాయి. సిలికా జెల్ పెట్టి వారానికోసారి మార్చండి.

నీళ్లలో ప్రోబ్‌ల మీద రెండు వారాల్లో జారుడు పాకుడు పొర పడుతుంది. రీడింగు హఠాత్తుగా తప్పదు, రోజుకి కొంచెం జరుగుతుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. శుభ్రం చేసే రోజు ముందు ఒక రీడింగు, తర్వాత ఒక రీడింగు రాయండి. ఆ తేడా ఎంతో అంత పాకుడు మీ గ్రాఫులో ఉందన్నమాట.

అన్నిటికంటే ముందు, ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. బకెట్‌లో వారం రోజులు తప్పు లేకుండా నడవని లాగర్ చెరువులో నడవదు. నేను ఒకసారి తొందరపడి వదిలాను. మూడు వారాల తర్వాత తీస్తే మెమరీ కార్డులో తొలి రెండు గంటల డేటా ఉంది.

మొదటిబెంచీ, శనివారం

డిసాల్వ్‌డ్ ఆక్సిజన్ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) కూడా కొలవచ్చా? మా మేడమ్ ఇంకా వింక్లర్ పద్ధతే చేయిస్తారు, సీసాలు, టైట్రేషన్. పాత పద్ధతి అని మేం నవ్వుకుంటాం.

గాజుగొట్టం, శనివారం

నవ్వుకోండి, కానీ ఆ సీసాలు పారేయకండి. 1888 నాటి పద్ధతి, ఇప్పటికీ ప్రోబ్‌లకి తీర్పు చెప్పేది అదే. సముద్రమట్టం దగ్గర 25 డిగ్రీల మంచినీళ్లు గాలితో నిండితే లీటరుకి 8.26 మిల్లీగ్రాములు ఉండాలి. పాత రకం ప్రోబ్‌లు కొలుస్తూ కొలుస్తూ ఆక్సిజన్‌ని తినేస్తాయి, నీళ్లు కదలకపోతే తక్కువ చూపిస్తాయి. ఆప్టికల్ రకానికి ఆ బాధ లేదు.

ల్యాబ్‌బాధితుడు, రెండు వారాల తర్వాత

మళ్లీ వచ్చాను.

ఈసీకి రెండు వైర్లనీ తెంపే రిలే పెట్టాం. బకెట్‌లో పీహెచ్ వారమంతా 7.3, 7.5 మధ్యే ఉంది. ప్రోబ్ పక్కన కాగితం అంటించాం మేడమ్, మొదటి వారం 171 మిల్లీవోల్టులు, రెండో వారం 170.

గాలి గ్రూపు రెండు డబ్బాల్నీ ముందు వారం పక్కపక్కనే పెట్టింది. ఒకేలాంటి సెన్సర్లే, అయినా ఒకటి రెండోదానికంటే ఎప్పుడూ పదిహేను శాతం ఎక్కువ. అదే తెలియకపోతే ఒకటి టెర్రస్ మీద, ఇంకోటి కిటికీ దగ్గర పెట్టి "టెర్రస్ మీద కాలుష్యం ఎక్కువ" అని రాసేవాళ్లం. "ఉదయపు వాయు కాలుష్యం" స్లైడు పేరు మార్చారు, ఇప్పుడు దాని మీద తేమ గీత కూడా ఉంది. ఫిల్టర్లు తూచడం వచ్చే వారం మొదలు.

ఛాంబర్ గ్రూపు బేస్‌లైన్ సవరణ ఆపేసింది. కనిష్ఠం 600 పైనే నిలబడింది. మొక్కలు పీల్చేశాయన్న వాదన చేసిన అబ్బాయి కొంచెం నిరాశపడ్డాడు.

నీటి లాగర్ నాలుగు రోజులుగా చెరువులో ఉంది. ఒక్కటే, 85 పూర్తిగా పోలేదు. 750 మిల్లీసెకన్లు ఆగుతున్నాం, రెసిస్టర్ ఉంది. నాలుగు రోజుల్లో ఆరుసార్లు వచ్చింది.

టంకం, అదే రోజు

ఆ ఆరు టైములూ ఉన్నాయా?

ల్యాబ్‌బాధితుడు, అదే రోజు

ఉన్నాయండీ. మీరు వదిలేయొద్దన్నారని అన్నీ రాసి పెట్టారు. ఆరూ రాత్రిపూటే, ఆరూ డేటా పంపే నిమిషంలోనే.

టంకం, అదే రోజు

వైఫై పంపేటప్పుడు బోర్డు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది. రాత్రి చలికి బ్యాటరీ నీరసపడి ఉంటుంది. వోల్టేజీ ఒక్క క్షణం పడిపోయి సెన్సర్ మళ్లీ మొదలవుతోంది. ఆ క్షణం ఆదుకోవడానికి సప్లయ్ దగ్గర ఎంత కెపాసిటర్ పెట్టారు?

ల్యాబ్‌బాధితుడు, అదే రోజు

10 మైక్రోఫారడ్లు.

టంకం, అదే రోజు

470 పెట్టండి, బోర్డు పిన్నులకి దగ్గరగా. కొలత అయ్యాకే వైఫై ఆన్ అయ్యేలా కోడ్ కూడా జరపండి. కానీ రెండూ ఒకేరోజు మార్చొద్దు, దేనివల్ల పోయిందో తెలియదు.

ల్యాబ్‌బాధితుడు, అదే రోజు

సరే, రేపు కెపాసిటర్ ఒక్కటే. చెరువు దాకా పడవలో పోవాలి, వేలు పెట్టి చూసిన అమ్మాయే తానే వెళ్తానంటోంది.